ఏడ ఒత్తాలె బిడ్డా?

పెద్దవాళ్ళకి ఫోను రాదు! ఎంత సులువుగా అనేస్తామో ఈ మాట. పంచాంగం తిరగేసి తిథీ నక్షత్రం చెప్పగలిగిన మనిషికి, వాడంతటి చీటీల లెక్క కాగితం లేకుండా నోటితో అప్పజెప్పగలిగిన మనిషికి, అరచేతంత అద్దం ముక్క మీద నాలుగు బొమ్మలు అర్థంకావంటే నమ్మడమెలా? నవల అర్థం కాకపోతే తప్పు పాఠకురాలిదేనని వాదించే రచయితల్ని నేను చాలామందిని చూశాను. ఫోను తెర కూడా ఒకరు రాసిందే కదా! ఏ మాట ఎక్కడుండాలో, ఏ బొమ్మ తర్వాత ఏ బొమ్మ రావాలో ఎవరో కూర్చుని ఆలోచించి పెట్టిందే. అంచేత నవలని విమర్శించినట్టే దాన్నీ విమర్శిస్తాను. కాదనేవాళ్ళు కాస్త ఓపిక పట్టండి.

మా శంకర్‌పల్లిలో నవంబరు నెల వచ్చిందంటే ఈ రచనకి పరీక్ష మొదలవుతుంది. 1984లో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసిన ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ మాకు దగ్గరే. అక్కడ పనిచేసి రిటైరైనవాళ్ళున్నారు, రైల్వేవాళ్ళున్నారు, భర్త పోయాక ఫ్యామిలీ పెన్షన్ తీసుకుంటున్న ఆడవాళ్ళున్నారు. పెన్షన్ ఆగకుండా వుండాలంటే ఏడాదికోసారి "నేను బతికే వున్నాను" అని రుజువు చూపించుకోవాలి. పూర్వం బ్యాంకు మెట్లెక్కి క్యూలో నిలబడేవారు. 2014 నవంబరులో జీవన్ ప్రమాణ్ వచ్చాక వేలిముద్రతోనూ, 2021 నవంబరు నుంచి ఫోనులో మొహం చూపించీ ఆ పని కానివ్వచ్చు. మోకాళ్ళ నొప్పులవాళ్ళకి అదెంత మేలో వేరే చెప్పాలా? కథ మంచిదే. కథనం దగ్గరే వచ్చింది చిక్కు. ఒక్క పనికి రెండు యాప్‌లు దింపుకోవాలి - మొహం చూడ్డానికి ఒకటి, వివరాలు నింపడానికి మరొకటి. క్యూలో నిలబడే బాధ తప్పి, పక్కింటి కుర్రాణ్ణి బతిమాలుకునే బాధ కొత్తగా వచ్చింది.

ఇక ఆ ఓటీపీ వుంది చూశారూ... ఆరంకెలు తెర పైభాగాన యిలా మెరిసి అలా మాయమవుతాయి. వాటిని చదవాలి, గుర్తు పెట్టుకోవాలి, వేరే తెరలోకి వెళ్ళి కొట్టాలి, అదీ గడువు దాటకుండా! పాతికేళ్ళ పిల్లకి యిది క్షణంలో పని. మా అత్తమ్మ కళ్ళజోడు వెతుక్కునేసరికే గడువు తీరిపోతుంది. ఆవిడ యిప్పుడో ఉపాయం కనిపెట్టింది. ముందే గోడ కాలెండరు దగ్గర పెన్సిలుతో నిలబడుతుంది. అంకెలు రాగానే కాలెండరు అంచున రాసుకుంటుంది. మా కాలెండరు నిండా ఏకాదశులకంటే ఓటీపీలే ఎక్కువ! ఇది చేతకానితనం కాదు, రాసినవాడు మరచిపోయిన పేజీని చదివేవాళ్ళు సొంతంగా పూరించుకోవడం.

వేలి సంగతి మరీ విచిత్రం. వయసుతో చర్మం పొడిబారితే అద్దం ఆ వేలిని సరిగ్గా గుర్తించదు. గుర్తించలేదని కాస్త గట్టిగా, కాస్త ఎక్కువసేపు అదిమి పెడతారు. అలా అదిమిపట్టడానికి ఫోను భాషలో వేరే అర్థం వుంది! బొమ్మ చోటు మారుతుంది, లేకపోతే "తీసెయ్యమంటావా?" అని అడుగుతుంది. "ఏడ ఒత్తాలె బిడ్డా? ఒకటొత్తితే ఒకటైతుంది" అని ఆవిడ గొణుక్కోవడంలో తప్పేముంది? ఆ అదుముడు సమయాన్ని పెంచే వీలు చాలా ఫోనుల్లో వుంది. ఎక్కడ? సెట్టింగుల్లో, యాక్సెసిబిలిటీ అనే గుహలో, నాలుగు గదులు దాటాక. అవసరమైనవాళ్ళు వెళ్ళలేని చోట మందు దాచినట్టుంది.

అన్నట్టు, తెలుగు పెట్టుకోవచ్చుగా అంటారు. పెట్టుకున్నాం. "పంపు", "తొలగించు", "రద్దు చేయి" - యింట్లో ఎవరూ ఏకవచనంతో పలకరించని పెద్దమనిషిని ఫోను యిలా గదమాయిస్తుంది. మన వత్తులు కిందికి దిగుతాయన్న ధ్యాస లేక కొన్ని యాప్‌లలో వాటి కాళ్ళు నరికేస్తారు. 2018 ఫిబ్రవరిలో మన "జ్ఞ" గుణింతంలోని ఒక్క అక్షరం ఐఫోనుల్లో యాప్‌లని కుప్పకూల్చిన సంగతి గుర్తుందా? దాన్ని సరిచెయ్యడానికి ఆపిల్ వాళ్ళు ప్రత్యేకంగా ఓ అప్‌డేట్ పంపాల్సి వచ్చింది. నాకు మాత్రం లోలోపల కాస్త గర్వంగానే అనిపించింది సుమా!

పెద్దవాళ్ళ కోసమంటే అక్షరాలు పెద్దవి చేస్తే చాలనుకోవడం యింకో అన్యాయం. జపానులో డొకోమో కోసం ఫుజిత్సు 2012లో తెచ్చిన రాకురాకు స్మార్ట్‌ఫోను అక్కడితో ఆగలేదు. తెర మీద వేలు ఆనించడం వేరు, నొక్కడం వేరు అని అది గుర్తిస్తుంది. ఆనిస్తే ఎక్కడున్నారో చూపిస్తుంది, నొక్కితేనే పని చేస్తుంది. అవతలివాళ్ళ మాటని కాస్త నెమ్మదించి వినిపిస్తుంది కూడా. మనిషిని చూసి రాసిన రచన అంటే అదీ. మన దగ్గరేమో అలవాటైన గుండ్రటి మీటని కూడా తీసేశారు. ఐఫోనులో 2017లో మొదలైంది ఆ ముచ్చట.

ఇదంతా వేళ్ళ గురించీ కళ్ళ గురించీ గొడవే అయితే నేనింత దూరం రాయను. పూర్వం మన యిళ్ళల్లో ఆడవాళ్ళ సొంత డబ్బు ఎక్కడుండేది? పోపుల డబ్బాలో, బియ్యం డ్రమ్ము అడుగున, చీర మడతల్లో. ఎంతుందో, ఎవరికిచ్చిందో ఆవిడకి తప్ప మరొకరికి తెలిసేది కాదు. 2016లో యూపీఐ వచ్చింది. మా అత్తమ్మ డబ్బు ఫోనులోకి చేరింది, పిన్ను మనవడి నోట్లోకి చేరింది! వాడు మంచివాడే. కానీ ఆవిడ పేద చెల్లెలికి అయిదొందలు పంపాలన్నా యిప్పుడు వాడితో చెప్పి పంపాలి. "ఎందుకు నానమ్మా, మొన్ననే గదా పంపినవ్?" అంటాడు వాడు నవ్వుతూనే. ఆవిడ మరి మాట్లాడదు. ఈమధ్య చెల్లెలికి పంపడమే తగ్గించింది. ఈ తెర ఆమె చేతిలోంచి ఏం లాక్కుందో ఏ లెక్కల్లోనూ కనపడదు.

గచ్చిబౌలిలో, కోకాపేటలో యిలాంటి తెరలు గీసే పిల్లలు చాలామంది వున్నారు. మా ఊరు వాళ్ళకి గంట ప్రయాణం. ఒక నవంబరు ఉదయం వచ్చి ఏదైనా బ్యాంకు వరండాలో బల్లమీద కూర్చోమనండి. తాము చేసిన యాప్‌ని పక్కనున్న పెద్దావిడ చేతికిచ్చి, నోరు విప్పకుండా, వేలు చాపకుండా ఓ అరగంట చూడమనండి. టీ నేను పంపిస్తాను.