పుల్లను బాణం చేసే విద్య

కుందేలు మీదికి వేసే బాణం తిరిగొస్తుందన్న నమ్మకం లేదు. గడ్డిలోకి దూరి కనిపించకుండా పోతుంది, రాతికి తగిలి విరుగుతుంది, లేదా చిటారుకొమ్మలో ఇరుక్కుంటుంది. జింకను వేటాడేవాడికి ఒక్క మంచి బాణం చాలు. ఉడతలను, పిట్టలను, కుందేళ్లను కొట్టేవాడికి మాత్రం పోయినా బాధపడనక్కర్లేని బాణాలు కావాలి. అందుకే చిన్న వేట ఉన్న ప్రతిచోటా చేతికందిన సరుకుతో బాణం చేసుకునే విద్య పుట్టింది. ఆ విద్య అంచెలంచెలుగా, వివరంగా కాగితానికెక్కిన చోట్లలో కాలిఫోర్నియా ఒకటి. ఒక ఆదివాసీకి, ఒక డాక్టరుకు కుదిరిన స్నేహం వల్ల అది జరిగింది.

ఆ ఆదివాసీని లోకం ఇషి అంటుంది. యాహీ తెగలో మిగిలిన చివరి మనిషి. బంగారం కోసం 1849 నుంచి ఎగబడ్డ వలసదారుల చేతుల్లో ఆ తెగ ఊచకోతకు గురైంది. ప్రాణాలతో మిగిలిన కొద్దిమందీ కొండల్లో దాక్కుని బతికారు. వాళ్లూ పోయాక, 1911 ఆగస్టులో ఒరోవిల్ పట్టణం పొలిమేరలోని కబేళా దగ్గర ఇషి ఒంటరిగా దొరికాడు. శాన్‌ఫ్రాన్సిస్కోలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారి మ్యూజియం అతనికి నీడ అయింది. అదే విశ్వవిద్యాలయపు వైద్య కళాశాలలో సర్జన్ సాక్స్‌టన్ పోప్. ఇషికి వైద్యం చేయబోయి అతని దగ్గర శిష్యరికం చేశాడు. 1916లో క్షయతో ఇషి చనిపోయాడు. గురువు చేతిపనిని పోప్ 1918లో ఒక పరిశోధన గ్రంథంగా, 1923లో ‘హంటింగ్ విత్ ది బో అండ్ యారో’ అనే పుస్తకంలో రాసిపెట్టాడు.

ఇషి పద్ధతిలో కొనాల్సిన వస్తువు ఒక్కటీ లేదు. హేజెల్ పొదలో తిన్నగా ఎదిగిన చిటికెన వేలంత కొమ్మలను కోసి, బెరడు ఒలిచి, కట్టకట్టి ఆరబెట్టేవాడు. ఎంత ఎక్కువకాలం ఆరితే అంత మంచిది. పచ్చి పుల్ల ఈరోజు సరిచేస్తే రేపటికి మళ్లీ వంకర తిరుగుతుంది. ఆరాక నిప్పుల సెగ మీద వంకర ఉన్నచోటు వేడిచేసి, చేత్తో ఒత్తి, చల్లారేదాకా అలాగే పట్టుకునేవాడు. ఒక కన్ను మూసి కొన నుంచి కొనకు చూపు సారించి చూడటమే కొలబద్ద. తర్వాత రెండు ఇసుకరాళ్ల మధ్య పెట్టి దొర్లిస్తే పుల్ల నునుపు తేలుతుంది.

పెద్ద వేట బాణానికి ఇంకో అంకం ఉండేది. ముందు భాగానికి బరువైన చేవ కర్ర ముక్క అతికేవాడు. అది దిగడానికి పుల్లలో బెజ్జం కావాలి. సూదిగా చెక్కిన ఎముకను కాలి వేళ్ల మధ్య నిలువుగా బిగించి, పుల్లను దాని మీద నిలబెట్టి, అరచేతుల మధ్య మజ్జిగ కవ్వంలా తిప్పేవాడు. తిప్పేముందు పుల్ల చివరను జింకతోలు వారుతో చుట్టేవాడు, పగలకుండా. అతుకును కట్టేది మాత్రం జంతువు నరంతో. ఆ నరాన్ని నోట్లో నమిలి మెత్తబరిస్తే చుట్టాక ఆరి, బిగుసుకుపోతుంది. ఈకలనూ దానితోనే కట్టేవాడు. ములికికి మొదట్లో అగ్నిశిల, తర్వాత పారేసిన సీసా పెంకులు. చిన్న వేటకు, సాధనకు మాత్రం ఇంత తంతు లేదు. ఒకే పుల్ల, దాని మొండి కొన పగలకుండా నరపు చుట్టు, అంతే.

డాక్టరుగారు ఇదే సూత్రాన్ని తన ఊరి అంగడికి తెచ్చుకున్నాడు. కలపమిల్లులో దొరికే బర్చ్ గుండ్రకర్రలు, టర్కీ కోడి ఈకలు, జిగురు, దారం. చిన్న జంతువుల కోసం చేసే బాణానికి కొన చుట్టూ ఇనుప తీగ చుట్టి, టంకం పోసి, కొసలో గుండుతల మర బిగించేవాడు. తర్వాతి తరం అభిరుచిగల విలుకాళ్లు కాల్చేసిన తూటా గుల్లను తొడిగి అదే పని కానిచ్చారు.

మొండి ములికి ఎందుకు? పదునైన ములికి చిన్న జంతువులోంచి దూసుకుపోతే అది పొదల్లోకి పారిపోయి ఎక్కడో చస్తుంది. మొండి ములికి దెబ్బతో పడగొడుతుంది. చెట్టు కాండానికి తగిలినా దిగబడదు, కింద పడుతుంది, ఏరుకోవచ్చు. కొమ్మ మీది ఉడతకు గురిపెట్టేవాళ్లు ఇంకో కిటుకు వాడతారు. ఈకలను కత్తిరించకుండా పొడవుగా, దట్టంగా ఉంచేస్తారు. కొద్ది దూరం జోరుగా వెళ్లి, గాలి తగిలి వేగం చచ్చి బాణం దగ్గర్లోనే పడుతుంది.

సరుకు చౌక అయినంత మాత్రాన లెక్క తేలిక కాదు. వదిలిన క్షణంలో బాణం విల్లు పక్కనుంచి కొద్దిగా వంగుతూ వెళ్తుంది. మరీ గట్టి పుల్ల ఒక పక్కకు, మరీ మెత్తని పుల్ల మరో పక్కకు పోతుంది. విల్లు బలానికి తగిన బిగువు కావాలి. కొలవడం ఇంట్లోనే సాధ్యం. 26 అంగుళాల ఎడంలో రెండు ఆధారాల మీద పుల్ల పెట్టి, నడిమధ్య 2 పౌండ్ల బరువు వేలాడదీయాలి. ఎన్ని అంగుళాలు కుంగిందో దానితో 26ను భాగించాలి. అర అంగుళం కుంగితే 52 వస్తుంది, అంటే సుమారు 50 పౌండ్ల విల్లుకు పనికొచ్చే పుల్ల. ఒకే లెక్క వచ్చినవాటినే జతచేయాలి. చెక్క చారలు పుల్ల పొడవునా సాగాలి. మధ్యలో పక్కకు తప్పుకున్న పుల్ల వదిలేటప్పుడు విరిగి చేతిలోకే దిగవచ్చు, దాన్ని పొయ్యిలో పెట్టడం మేలు. మూడు ఈకలూ ఒకే వైపు రెక్కవై ఉండాలి. ఎడమ, కుడి కలిపితే ఒకటి తిప్పిన దిక్కుకు ఇంకొకటి ఎదురు తిప్పుతుంది. ఒక ఈక నారి గాడికి అడ్డంగా నిలవాలి, అప్పుడే మిగతా రెండూ విల్లును రాసుకోకుండా పోతాయి.

మనకూ ఈ విద్య కొత్త కాదు. నల్లమల చెంచులకు విల్లంబులు తరతరాల తోడు. ఇవాళ మాత్రం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి అడవి కుందేలు, అడవికోడి కూడా వస్తాయి. బాణం వేస్తే జైలు శిక్ష పడవచ్చు. అయినా పనికి చోటుంది. మన దేశంలో జరిగే ఆర్చరీ పోటీల్లో ‘ఇండియన్ రౌండ్’ అని ఒక విభాగం ఉంది, వెదురు విల్లుతో, కర్ర బాణాలతో ఆడతారు. కార్బన్ బాణాలు కొనలేని పిల్లలు విలువిద్యలో అడుగుపెట్టేది ఆ వాకిట్లోంచే.

కొన్న బాణం గురి తప్పితే వేసినవాడు తనను తాను తిట్టుకుంటాడు, లేదా దుకాణాన్ని తిడతాడు. చేసుకున్న బాణం తప్పితే ఏరుకొచ్చి తిప్పి చూస్తాడు. ఈక లేచిందా, పుల్ల వంగిందా, గాడి పక్కకు జరిగిందా? కారణం కనిపిస్తుంది, సరిచేయడం చేతుల్లోనే ఉంటుంది. బాణాల ధర తగ్గడం ఒక్కటే లాభం అనుకుంటే ఈ విద్యలో సగమే అందినట్టు. తప్పును వెతికి పట్టుకునే కన్ను అలవడటం మిగతా సగం.