గోడకు తగిలించే తలుపు

పేర్ణాంబట్టు ఇంటి తలుపు కావాలని మా తమ్ముడి కూతురు ఫోన్ చేసింది. తలుపుగా వాడటానికి కాదు. కొత్త ఫ్లాట్ హాల్లో సోఫా వెనకాల గోడకు అడ్డంగా తగిలిస్తుందట. "ఇప్పుడంతా ఇదే అత్తా, పాత తలుపుల కోసం జనం కారైక్కుడి దాకా పోతున్నారు. మనకు ఇంట్లోనే ఉంది కదా" అంది.

ఫ్లాట్ కాట్పాడి వైపు, మూడో అంతస్తు. హాలు పది అడుగులకు పన్నెండు. ఇంటీరియర్ చేసే కుర్రాడు చూపించిన ఫొటోలన్నీ వాట్సాప్‌లో పంపింది. స్కాండినేవియన్ ఒకటి, మెడిటరేనియన్ ఒకటి, బోహో ఒకటి, చెట్టినాడ్ ఒకటి. ఒక్కోదానికి ఒక్కో రేటు, హోటల్లో భోజనం, మినీ భోజనం బోర్డులాగా. "ఏది తీసుకోమంటావు?" అని అడిగింది. చుట్టాలింటికి పోతే కూర్చునేముందు కుర్చీ నాలుగంగుళాలు జరిపే మనిషినని మా వాళ్లలో నాకొక పేరుంది. అందుకే నన్ను అడిగింది.

జవాబు చెప్పేముందు తలుపును చూసొద్దామని బయలుదేరాను. పేర్ణాంబట్టుకు రైలు లేదు. గుడియాత్తంలో దిగి బస్సెక్కాలి. అదే రోడ్డున ఇంకా ముందుకుపోయి ఘాట్ ఎక్కితే వి.కోట, అంటే ఆంధ్ర. 1911లో చిత్తూరు జిల్లా వేరుపడేదాకా పైనా కిందా అంతా ఉత్తర ఆర్కాటే. గీత మధ్యలో పడింది కానీ ఇంటి మాటలు మారలేదు. అంకణం, మిద్దె, గూడు, అటక అంటే ఘాట్‌కు అటువాళ్లకూ ఇటువాళ్లకూ అర్థమవుతాయి. బజారులో మాత్రం తమిళం, ఉర్దూ, తెలుగు మూడూ ఒకే బేరంలో వినబడతాయి.

మా అవ్వది మూడంకణాల మిద్దిల్లు. ఇప్పుడు ఎవరూ ఉండటం లేదు. తాళం తీసి తల వంచి లోపలికి అడుగుపెట్టాను. తల వంచకపోతే బొప్పి కడుతుంది, ద్వారబంధం అంత పొట్టిది. ఈ ఇంటి కప్పును మద్రాస్ టెర్రస్ అంటారు. దూలాలూ వాసాలూ పరిచి, వాటి మీద సన్నటి ఇటుకలను నిలబెట్టి ఏటవాలు వరసల్లో సున్నంతో కడతారు. ఆపైన ఇటుక ముక్కలు కలిపిన సున్నం పోసి, ఆడవాళ్లు వరసగా కూర్చుని చెక్క బద్దలతో రోజుల తరబడి కొడతారు. సున్నంలోకి కరక్కాయ నానబెట్టిన నీళ్లూ బెల్లం నీళ్లూ పోస్తారు. మే నెలలో వేలూరు నలభై డిగ్రీలు దాటి కాగుతున్నా, ఆ కప్పు కింద మధ్యాహ్నం నిద్ర పట్టేది. నేలకు ఎర్ర కావి గచ్చు. దాన్ని పోసిన మేస్త్రి ఒక గదిని ఒకే రోజులో ముగించాలి, రేపటికి వదిలితే అతుకు కనబడిపోతుంది. పోసిన కొత్తలో మామూలుగానే ఉంటుంది. కొబ్బరినూనె గుడ్డతో, ఉత్త పాదాలతో ఏళ్లు గడిస్తేగానీ అద్దం తేలదు. పగిలితే ఆ రంగు మళ్లీ కుదరదు. మా అవ్వ ఇంట్లో తూర్పు మూల ఒక బీట ఉండేది. చిన్నప్పుడు మేము దాన్ని కౌండిన్య నది అనేవాళ్లం.

నడిమి అంకణంలో కాసేపు కూర్చున్నాను. ఈ గదిలో ఏముండేది అని గుర్తు చేసుకుంటే తెలిసింది, ఏమీ ఉండేది కాదు. తెల్లవారగానే తుంగచాపలు చుట్టి దూలం పక్కన వేలాడే కర్ర మీదికి ఎక్కేవి. పది గంటలకు అదే నేల మీద చింతపండు గింజ తీసేవాళ్లు. మధ్యాహ్నం వరసగా విస్తర్లు. సాయంత్రం సాంబ్రాణి పొగ, మా చదువులు. రాత్రికి మళ్లీ చాపలు. పడకగది, వంటపని గది, భోజనాల గది, చదువుల గది అన్నీ అదొక్కటే. గది మారేది కాదు, వస్తువులు వచ్చిపోతుండేవి. పక్కగదిలో ఒక పట్టెమంచం, తాతకు ఒక పడక కుర్చీ, గోడలో దీపం గూడు, మూడు మేకులు. సామానంటే అంతే.

అవ్వ ఎప్పుడూ ఇల్లు అలంకరించాలి అన్నట్టు గుర్తు లేదు. "ఇల్లు సర్దండే" అనేది. ఈ సర్దడం అనేది గట్టి మాట. వస్తువును దాని చోట పెట్టడమూ అదే, సర్దుకోవడమై ఉన్న చోటులో మనం ఒదగడమూ అదే. పెళ్లి చూపుల్లో రెండో అర్థాన్ని ఆడపిల్లల మీదే ఎక్కువగా రుద్దారన్నది వేరే సంగతి. ఇంటికి సంబంధించినంత వరకు ఈ రెండర్థాలనూ విడదీయకూడదని నాకనిపిస్తుంది. వాట్సాప్‌లో వచ్చిన నాలుగు స్టైళ్లలోనూ నాకు గుచ్చుకున్నది ఇదే: ఏ ఫొటోలోనూ ఎత్తిపెట్టే వస్తువు ఒక్కటి లేదు. అన్నీ వచ్చి కూర్చున్నవే.

ఎంతెంత పేరున్న స్టైలైనా పుట్టినప్పుడు స్టైల్ కాదు. చలికాలంలో మధ్యాహ్నం మూడుకే చీకటిపడే ఉత్తర దేశాలవాళ్లు ఉన్న కాస్త వెలుతురునూ గోడల మీద పట్టుకోవడానికి తెల్లరంగు వేసుకున్నారు. అది స్కాండినేవియన్. మనకు వేలూరులో వెలుతురుకు కరువా? అదే తెల్లగోడ ఇక్కడ పడమటి ఎండకు కళ్లు మూయిస్తుంది. చెట్టినాడు చెట్టియార్ల ఇళ్లు బర్మాతో వ్యాపారం కడుపునిండా సాగినప్పుడు, బర్మా టేకు ఓడల్లో దిగినప్పుడు లేచినవి. ఆత్తంగుడి పలక గాజు అద్దం మీద రంగులు పోసి, ఎండబెట్టి, చేత్తో చేసే సిమెంటు పలక. మా మేనకోడలికి చూపించిన చెట్టినాడ్‌లో అదే బొమ్మ అచ్చేసిన వినైల్ స్టిక్కరూ, లోపల డొల్లగా ఉండే ఫైబర్ స్తంభమూ ఉన్నాయి. స్తంభం దేన్నీ మోయడం లేదు. మోయని స్తంభాన్ని చూస్తే నాకు నవ్వొస్తుంది. పైగా దాని చుట్టూ తిరిగి ఊడవాలి.

1958లో మన ప్రభుత్వం పిలిస్తే అమెరికా నుంచి చార్ల్స్ ఈమ్స్, రే ఈమ్స్ దంపతులు వచ్చి దేశమంతా తిరిగి ఒక నివేదిక రాసిచ్చారు. అహ్మదాబాద్‌లో 1961లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ పుట్టడానికి మూలం ఆ నివేదికే. దేశంలో చూసినవాటన్నిటిలోనూ వాళ్లు ఎక్కువగా మెచ్చుకున్నది మన చెంబును. దాన్ని ఎవరో ఒక్కరు కూర్చుని గీసి ఉండరనీ, తరతరాల చేతుల్లో పడి ఆ రూపానికి వచ్చిందనీ వాళ్ల మాట. నడుం మీద నిలవాలి, వంచితే నీళ్లు తిన్నగా పడాలి, లోపల చెయ్యి పట్టి తోమడానికి వీలుండాలి. మా అవ్వ ఇంట్లో అలాంటివి పదకొండు ఉండేవి. పదింటిని పంచుకున్నాం, ఒకటి ఎవరింట్లో ఉందో అందరికీ తెలుసు, ఎవరూ అడగరు.

తిరిగొచ్చి మా మేనకోడలు పాపను కూర్చోబెట్టి టేపు తెమ్మన్నాను. స్టైల్ సంగతి తర్వాత, ముందు నేల లెక్క చూద్దాం అన్నాను. హాలు వెడల్పు పది అడుగులు. సోఫా లోతు మూడడుగులు, ఎదుట టీవీ బల్ల అడుగున్నర, నడుమ టీపాయ్ రెండడుగులు. ఆరున్నర పోయింది. మిగిలిన మూడున్నర అడుగులు టీపాయ్‌కు అటూ ఇటూ పంచితే మనిషి పక్కకు తిరిగి నడవాలి. మనిషి తిన్నగా నడిచే దారికి రెండున్నర అడుగులన్నా వదలాలి. టీపాయ్ ఎత్తేస్తే గది వెంటనే ఊపిరి పీల్చుకుంటుంది. "మరి కాఫీ కప్పు ఎక్కడ పెట్టాలి?" అంది. రెండు చిన్న ముక్కాలిపీటలు చాలు, పని అయ్యాక సోఫా పక్కకు పోతాయి. కొనబోయే సోఫా సైజుకు పాత పేపర్లు అతికించి నేలమీద పరిచి, నాలుగు రోజులు దాని చుట్టూ తిరగమన్నాను. రెండో రోజుకే మూడు సీట్ల సోఫా రెండు సీట్లదైంది.

అసలు పేచీ తోలు దగ్గర వచ్చింది. "పేర్ణాంబట్టు వాళ్లమై ఉండి తోలు సోఫా లేకుంటే ఎట్లా?" అంది. పేర్ణాంబట్టు, ఆంబూరు, వాణియంబాడి, మూడూ తోలు ఊళ్లే. వెనక మద్రాసు రాజధానిలో తంగేడు బెరడు నానబెట్టి తోళ్లు పదును చేసి సీమకు పంపేవారు. 1970ల్లో పచ్చితోలూ సగం పదును తోలూ ఎగుమతి చేయడం మీద ఆంక్షలు వచ్చాక అందరూ క్రోము వైపు మళ్లి, పూర్తయిన తోలు, చెప్పుల పై భాగాలు చేయసాగారు. ఆ నీళ్లు పాలారులో కలిసి బావులు చెడితే వేలూరు పౌరులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1996 ఆగస్టు 28న వచ్చిన తీర్పును లా కాలేజీల్లో ఇప్పటికీ పాఠంగా చెబుతారు. ఇంత తోలు నడిచిన ఊళ్లో మా వీధిలో ఒక్క ఇంట్లోనూ తోలు సోఫా చూడలేదు నేను. తోలు పని చేసినవాళ్లకు తెలుసు, ఈ ఉక్కలో దాని మీద కూర్చుంటే తొడలు అతుక్కుంటాయని.

షోరూముకు తనతో పాటు నేనూ వెళ్లాను. అక్కడున్నవాటిలో సగానికి పైగా తోలు కాదు, రెక్సిన్ లాంటి పూత. టేనరీలో పనిచేసిన మా బంధువు ఒకాయన చిన్నప్పుడు నేర్పిన పద్ధతి నాకు గుర్తుంది: ముందు వైపు చూడొద్దు, వెనక్కి తిప్పి చూడు. నిజం తోలు వెనక పీచుపీచుగా, చెవి వెనక చర్మంలా మెత్తగా ఉంటుంది. దొంగ తోలు వెనక గుడ్డ కనబడుతుంది. ఆ పూత మన వేడికీ తేమకూ నాలుగైదేళ్లలో పొలుసులు లేస్తుంది. కూర్చుని లేచినవాళ్ల చీరకు నల్లటి పొట్టు అంటుకుంటుంది. సోఫా అడుగున జిప్పు తీసి చూపించమంటే అమ్మే కుర్రాడు మేనేజర్ని పిలుస్తానని వెళ్లి మళ్లీ రాలేదు.

చివరకు పేము అల్లిన టేకు కుర్చీలు రెండు, గుడ్డ సోఫా ఒకటి. పేముతో వీపుకు గాలి ఆడుతుంది. చండీగఢ్ కట్టినప్పుడు పియర్ జన్నెరే ఆఫీసుల కోసం చేయించినవి ఇలాంటి టేకు, పేము కుర్చీలే. విరిగినవాటిని తుక్కు కింద అమ్మేస్తే, అవే విదేశాల్లో వేలం పాటల్లో లక్షలు పలికాయి. పాప దాన్ని ఫోన్లో వెతికి చూసి, తాత పడక కుర్చీ ఏమైందని అడిగింది. వేన్నీళ్ల పొయ్యిలోకి పోయిందని చెప్పాను.

కర్టెన్లకు గుడియాత్తం. అక్కడి చేనేత లుంగీలకు పేరు. లుంగీ పన్నా నలభై అయిదు, నలభై ఎనిమిది అంగుళాలుంటుంది. పొట్టి కిటికీకి దాన్ని అడ్డంగా తిప్పితే పన్నాయే పొడవవుతుంది, కత్తెర పెట్టే పనే లేదు. కుట్టేముందు రెండుసార్లు ఉప్పునీళ్లలో జాడించాలి, లేకుంటే కుట్టాక కుంచించుకుపోయి కిటికీ మోకాళ్లు కనబడతాయి. ముదురు గళ్లు పడమటి ఎండకు వెలుస్తాయి, వెలిశాకే నాకు నచ్చుతాయి. వచ్చినవాళ్లు "ఇది లుంగీ కదా" అంటారేమోనని పాప భయం. అననీ.

దీపాల దగ్గర వాదన తక్కువే జరిగింది. ఫాల్స్ సీలింగ్ వేసి పన్నెండు లైట్లు పెడతానన్నాడు ఇంటీరియర్ కుర్రాడు. తొమ్మిదిన్నర అడుగుల కప్పును తొమ్మిదికి దించి ఎవరిని ఉద్ధరించాలి? పైన ఒక్క లైటు చాలు, ఊడ్చేటప్పటికీ వెతికేటప్పటికీ. సాయంత్రానికి కూర్చునే చోట కిందుగా రెండు దీపాలు, 2700 కెల్విన్ పసుపు బల్బులు. మనవాళ్లు ఇష్టపడే 6500 తెలుపు ఆస్పత్రి వరండాకు బాగుంటుంది. ఒక దీపానికి నిమ్మలకుంట తోలు తొడుగు తెప్పించాను. ధర్మవరం పక్క ఊరు అది. తోలుబొమ్మలాట చూసేవాళ్లు తగ్గాక అక్కడి కళాకారులు అదే మేకతోలు మీద అదే ఉలితో చిల్లులు పొడిచి దీపాల తొడుగులు చేస్తున్నారు. ఆ ఊరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. తోలు సోఫా వద్దన్న అత్తే తోలు దీపం తెచ్చిందని పాప ఇప్పటికీ దెప్పుతుంది. దీని మీద ఎవరూ కూర్చోరు కదా!

పటాల గురించి ఒక్క మాట. అవ్వ ఇంట్లో దేవుళ్ల పటాలు ద్వారం మీద, తాడుతో ముందుకు వంగి ఉండేవి. ఎందుకో అప్పట్లో తెలియదు. నేలమీద కూర్చున్నవాళ్లకు తలెత్తితే నేరుగా కనబడటానికట. అద్దం మీద మెరుపు రాదు, దుమ్మూ తక్కువ పడుతుంది. మ్యూజియాల్లో నిలబడి చూస్తారు కాబట్టి బొమ్మ నడుమభాగాన్ని నేలనుంచి దాదాపు 57 అంగుళాల ఎత్తుకు తెస్తారు. పాప ఇంట్లో కూర్చుని చూస్తారు, కాబట్టి ఇంకా కిందికి దించాం. కుర్రాడికి నచ్చలేదు, ఫొటోలో బాగుండదన్నాడు.

తలుపు? వడ్లాయన వచ్చి చూసి, రెక్కలను చెద తినేసిందని తేల్చాడు. బాగున్నది ద్వారబంధం ఒక్కటే. "గోడకు తగిలించేదానికి ఇదెందుకమ్మా, దీన్ని దాటాలి గానీ" అన్నాడు. ఎత్తు అయిదున్నర అడుగులు, ఫ్లాట్‌లో ఇంకెక్కడా పట్టదు. పూజగదికి తలుపు లేదు, అక్కడ సరిపోయింది. గడపతో సహా నిలబెట్టారు. ఇంటి మొత్తంలో గడప అదొక్కటే, కొత్త ఫ్లాట్లలో నేలంతా ఒకటే పలక కదా. పాప భర్త పొడగరి. దసరా నాటికి అతని నుదుటి మీద రెండు సార్లు బొప్పి కట్టింది. ఇప్పుడు చూడకుండానే వంగుతున్నాడట.

మొన్న వెళ్లినప్పుడు ఊడ్చే యంత్రం హాలంతా తిరుగుతోంది. పేము కుర్చీల కాళ్ల మధ్య దూరింది, లుంగీ కర్టెన్ల కింద ఊడ్చింది, పసుపు రాసిన గడప దాకా వచ్చి ఒకసారి మెత్తగా తగిలి, కాసేపు ఆలోచించి, వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. లోపల పాప చేతి చీపురుతో ఊడుస్తోంది.