చెరువుగట్టు లెక్క

కైకలూరు, ఆకివీడు వైపు చేపల చెరువు లీజుకు తీసుకునే రైతు, ఎప్పుడో ఒకసారి కిలో ఎంత పలికిందో తలచుకుని బేరం కుదుర్చుకోడు. లీజెంత, సీడెంత, మేతకెంత, కరెంటుకెంత అని ముందు రాసుకుంటాడు. రేటు పడిపోయినా అప్పు తీరుతుందా అన్నది తేలాకే అడ్వాన్సు చేతిలో పెడతాడు. అదే మనిషి కొడుకునో కూతురినో పీజీకి పంపేటప్పుడు మాత్రం ఫ్లెక్సీ మీది అత్యధిక ప్యాకేజీ చూసి మురిసిపోతాడు. అది ఒక బ్యాచ్‌లో ఒక్కరికి దొరికిన జీతం. మిగతావాళ్లకు ఏం వచ్చిందో ఫ్లెక్సీ చెప్పదు. పీజీని ఎంచుకునేటప్పుడు ఆ మిగతావాళ్లలో మన బిడ్డ ఒకరనుకుని లెక్క వేయాలన్నదే నా వాదన.

వేసి చూద్దాం. అమెరికాలో ఎమ్మెస్‌కు 40 లక్షలు అప్పు చేశామనుకోండి. 11 శాతం వడ్డీ, పదేళ్ల గడువు అయితే నెల వాయిదా సుమారు 55 వేలు. చదువుకునే రెండేళ్లలో పేరుకునే వడ్డీ ఇంకా ఇందులో కలవలేదు. గేట్ స్కోరుతో తాడేపల్లిగూడెం ఎన్ఐటీ లాంటి చోట ఎంటెక్‌లో చేరి స్టైపెండ్ దక్కితే నెలకు 12,400 రూపాయలు ఎదురొస్తాయి. రెండేళ్లకు మూడు లక్షలకు కాస్త తక్కువ. ఫీజు, మెస్సు బిల్లు అందులో చాలావరకు మింగేసినా పొలం కాగితాలు బ్యాంకుకు వెళ్లవు. ఉద్యోగం చేసుంటే వచ్చే రెండేళ్ల జీతం రెండు దారుల్లోనూ పోతుంది. ఆ ఖర్చును ఎవరూ రాసుకోరెందుకో!

డాలర్లలో జీతమొస్తే 55 వేలు ఒక లెక్కా అంటారు. వస్తే నిజంగానే కాదు. కానీ చదువయ్యాక ఓపీటీ అనే పని అనుమతి ఏడాది, సాంకేతిక కోర్సులకు మరో రెండేళ్లు. ఆపైన ఉండాలంటే హెచ్‌1బీ. దాని వార్షిక పరిమితి 65 వేలు, అమెరికాలో మాస్టర్స్ చేసినవారికి ఇంకో 20 వేలు. 2025 సెప్టెంబరులో కొత్త దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. అక్కడే చదివి వీసా మార్చుకునేవారికి అది వర్తించదని నెల తర్వాత వివరణ ఇచ్చారు. ఆ నెల రోజులూ అప్పు మాత్రం ఆగలేదు. ఇక ఎంటెక్ చేసి బీటెక్ ఉద్యోగానికే పోతున్నారు కదా అన్న మాట ఉంది. ఆ ఆక్షేపణ నేను కొట్టిపారేయను; కంపెనీ అడగని స్పెషలైజేషన్‌లో రెండేళ్లు గడపడం చవగ్గా చేసే దండగే. పోనీ కొల్లేరు పక్కనే పనికొస్తుందని మత్స్యశాస్త్ర పీజీ ఎంఎఫ్‌ఎస్సీ, వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన పీజీ అనుకున్నా, మేత కంపెనీలు, హేచరీలు, ల్యాబులు ఇచ్చే కొలువులు పంట ధరతోపాటే ఊగుతాయి. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు రొయ్య రైతుకు పట్టిన గుబులు వాటికీ తాకేదే. అయినా ఆ దెబ్బకు నెల నెలా 55 వేల వాయిదా తోడు కాదు.

చదువును రూపాయల్లో తూచడం తప్పని కొందరికి నొప్పి. తాకట్టు పెట్టకుండా చదవగలిగినవాళ్లు తూచక్కర్లేదు. మిగతావాళ్లు మన దేశంలో చేరబోయే సంస్థ కేంద్ర ర్యాంకుల వ్యవస్థ ఎన్ఐఆర్‌ఎఫ్‌కు సమర్పించిన పత్రాన్ని ఆ సంస్థ వెబ్‌సైట్‌లో వెతకండి. పీజీ విద్యార్థుల్లో ఎందరికి ఉద్యోగం వచ్చింది, మధ్యస్థ జీతం ఎంత అన్న రెండు గడులు అందులో ఉంటాయి. ఫీజు కట్టేముందు వాటిని ఇంట్లో అందరికీ చదివి వినిపించండి.