పక్కన నిలబడి చూస్తేనే తెలిసే పని

మా పక్కింటి అమ్మాయి నిరుడు ఉద్యోగం మానేసి, సొంతంగా వెబ్‌సైట్లు చేసిపెట్టే పనిలోకి దిగింది. ముందుగా తన పేరుతోనే ఒక సైట్ తయారుచేసుకుంది. తెల్లటి నేల మీద లేత బూడిద రంగు అక్షరాలు, తెర నిండా ఒక ఫొటో, మూలన సన్నటి మూడు గీతల మెనూ. ముచ్చటగానే ఉంది. మధ్యాహ్నం వరండాలో కూర్చున్న వాళ్ళ పిన్ని దాన్ని ఫోన్లో తెరిచి, పైకీ కిందికీ జరిపి, కళ్ళజోడు సవరించుకుని, "ఇంతకీ నీ ఫోన్ నెంబరు ఎక్కడ పెట్టావే?" అంది. నెంబరు ఆవిడ వేలి పక్కనే ఉంది. ఎండ వెలుతురుకు ఆ లేత రంగు కనిపించలేదు.

వంట చేసినావిడ కూర కాస్త పక్కవాళ్ళ చేతిలో వేసి ఉప్పు చూడమంటుంది. పొయ్యి దగ్గరే ఉన్న నాలుకకు తేడా తెలియదని ఆవిడకు తెలుసు. వెబ్ డిజైన్‌లోనూ ఇదే ఆచారం. చేసిన పేజీని పదిమందికీ చూపించి, వాళ్ళు ఎక్కడ తడబడుతున్నారో గమనించి దిద్దుకోవడం. జేకబ్ నీల్సన్ అనే డెన్మార్క్ నిపుణుడు 2000లో ఒక లెక్క చెప్పాడు: ఒక్కసారే 15 మందికి చూపించే బదులు, ఐదుగురికి చూపించి దిద్ది, మళ్ళీ మరో ఐదుగురికి చూపించడం మేలని. ఐదుగురంటే కొత్తగా పని మొదలుపెట్టిన వాళ్ళకూ అందే సంఖ్యే.

అడిగే తీరు కూడా నేర్చుకోవాలి. "బాగుందా?" అని అడిగితే మనవాళ్ళు బాగుందనే అంటారు. "పెళ్ళి ఫొటోల సైట్ చేయించుకోవాలంటే ఎంతవుతుందో ఇందులో చూసి చెప్పండి" అని ఒక పని అప్పగించి, మాట్లాడకుండా కూర్చోవాలి. వేలు ఆగిన చోటు, వెనక్కి వెళ్ళిన చోటు రాసుకోవాలి. "అది కాదు పిన్నీ, ఇక్కడ" అని చెప్పాలనిపించిన ప్రతిసారీ అక్కడొక దిద్దుబాటు మిగిలి ఉన్నట్టే.

ఆ ఐదుగురిలో కళ్ళు కనపడనివాళ్ళు, చేతులు వణికేవాళ్ళు, వయసు మళ్ళినవాళ్ళు కూడా ఉండాలి. వెబ్ ప్రమాణాలు నిర్ణయించే సంస్థ డబ్ల్యూ3సీ 1997లో ఇందుకోసమే ఒక విభాగం పెట్టింది. 1999లో మొదటి మార్గదర్శకాలు వచ్చాయి. ఆ మార్గదర్శకాల 2.2 రూపం 2023 అక్టోబరులో వచ్చింది. వాటి సారమంతా నాలుగు మాటల్లో ఉంది: పేజీలో ఉన్నది అందరికీ తెలియాలి, అందరూ దాన్ని నడపగలగాలి, అర్థం చేసుకోగలగాలి, ఏ పరికరంలోనైనా అది పనిచేయాలి.

రంగులతో మొదలుపెడదాం. మామూలు అక్షరాలకూ వాటి వెనకనున్న రంగుకూ మధ్య వెలుగు తేడా కనీసం 4.5:1 ఉండాలి. తెలుపు మీద నలుపుకు అది 21:1. ఆ అమ్మాయి వాడిన #999999 బూడిద రంగుకు 3:1 కూడా లేదు. దాన్ని #595959కి మారిస్తే 7:1 వచ్చింది. పేజీ అందం ఏమాత్రం తగ్గలేదు.

తర్వాత మౌస్ పక్కన పెట్టి, ట్యాబ్ మీటతోనే పేజీ అంతా తిరిగి చూడాలి. మౌస్ పట్టలేనివాళ్ళు అలాగే తిరుగుతారు. ఎక్కడున్నామో చూపించే గీతను అందం కోసం తీసేస్తే, వాళ్ళను చీకటి గదిలో వదిలినట్టే.

ఆపైన కళ్ళు మూసుకుని వినాలి. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితంగా దొరుకుతుంది, తెలుగు కూడా చదువుతుంది. దాన్ని 2006లో మొదలుపెట్టిన మైకేల్ కరన్, తర్వాత ఆయనతో కలిసిన జేమ్స్ టే ఇద్దరూ చూపు లేని ఆస్ట్రేలియావాళ్ళే. ఆ అమ్మాయి సైట్‌లో అది ఫొటో దగ్గరకు రాగానే ఫైలు పేరులోని అంకెలన్నీ వల్లించింది. ఫొటోలో ఏముందో చెప్పే ఆల్ట్ వాక్యం ఆమె రాయలేదు. లింకుల జాబితాలో "ఇక్కడ నొక్కండి" ఐదుసార్లు వినిపించింది. ఏది నొక్కితే ఎక్కడికి వెళ్తామో ఎవరికి తెలుస్తుంది? "ధరల వివరాలు", "చేసిన సైట్లు" అని రాస్తే చాలు. ఫారంలో పేరు, ఊరు రాసే గళ్ళకు కూడా చెరిగిపోని లేబుల్ ఉండాలి. గడి లోపల లేతగా రాసిన మాట టైపు చేయగానే మాయమవుతుంది.

తెలుగు పేజీలకు అదనపు జాగ్రత్తలున్నాయి. యూనికోడ్ కాని పాత డీటీపీ ఫాంట్లలో కంటికి తెలుగే కనిపించినా, అడుగున ఉండేవి వేరే గుర్తులు. స్క్రీన్ రీడర్ వాటిని అర్థంలేని శబ్దాలుగా చదువుతుంది, వెతికినా దొరకవు. పేజీ భాష తెలుగని కోడ్‌లో చెప్పకపోతే గొంతు ఇంగ్లీషు యాసలోకి జారవచ్చు. మన గుడులు పైకి లేస్తాయి, వత్తులు కిందికి దిగుతాయి. ఇంగ్లీషుకు సరిపోయిన వరుసల ఎడం మనకు ఇరుకవుతుంది.

ఇదంతా ఎవరికోసం? 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వికలాంగులు 2.68 కోట్ల మంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం సమాచార సాంకేతికత అందరికీ అందాలంది. కెమెరా ముందు కన్ను ఆర్పమనే గుర్తింపు తనిఖీ (కేవైసీ) పూర్తిచేయలేక, యాసిడ్ దాడికి గురైనవాళ్ళూ చూపు లేనివాళ్ళూ సుప్రీంకోర్టు తలుపు తట్టారు. డిజిటల్ సేవలు అందుకోవడం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న కోర్టు తీర్పిచ్చింది. కొత్త డిజైనర్ చేతిలోని చిన్న ఫారం కూడా ఆ హక్కుకు ఒక గుమ్మం. దాన్ని తెరిచి ఉంచడం ఈ వృత్తి గౌరవమని నేను నమ్ముతాను.

ఆ అమ్మాయి మూడు రోజులు కూర్చుని అన్నీ దిద్దింది. నెంబరును పెద్దది చేసి, నొక్కగానే కాల్ వెళ్ళేలా మార్చింది. మళ్ళీ ఫోన్ పిన్ని చేతికిచ్చి, ఈసారి ఏమీ చెప్పకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది. కాసేపటికి అక్కడున్న ఆమె ఫోన్ మోగింది.