ఇన్స్‌బ్రుక్ బల్లమీద నాలుగు ఫోటాన్లు

స్టార్ ట్రెక్‌లో కెప్టెన్ కిర్క్ నౌకలో ఒక పలకమీద నిలబడి, మెరిసి మాయమై, కింద గ్రహంమీద ప్రత్యక్షమవుతాడు. 1966లో మొదలైన ఆ సీరియల్‌కి ప్రతివారం నౌకను నేలమీద దించే దృశ్యాలు తీయడం తలకు మించిన ఖర్చు. అందుకని పుట్టిన ఉపాయం అది. తర్వాతి సీరియళ్ల రచయితలు ఒక చిక్కును గమనించారు. మనిషిలోని కణాలన్నిటినీ కొలిచి ఆ వివరాలు పంపాలంటే హైజెన్‌బర్గ్ అనిశ్చితత్వ సూత్రం ఒప్పుకోదు. తెలియని స్థితిలో ఉన్న కణాన్ని కొలిస్తే ఆ స్థితి చెదిరిపోతుంది. దానికి విరుగుడుగా ‘హైజెన్‌బర్గ్ కాంపెన్సేటర్’ అనే యంత్రాన్ని కథలో పెట్టారు. అడ్డు ఎక్కడుందో వాళ్లు సరిగ్గా పట్టుకున్నారు. అందుకు వాళ్లను మెచ్చుకోవాలి.

చార్లెస్ బెన్నెట్, జిల్ బ్రసార్, విలియం వూటర్స్ సహా ఆరుగురు శాస్త్రవేత్తలు, ఒక కణం స్థితిని దూరాన ఉన్న మరో కణానికి చేర్చడం (క్వాంటం టెలిపోర్టేషన్) గురించి 1993లో రాసిన పరిశోధనపత్రం ఆ అడ్డు జోలికే పోలేదు. పంపాల్సిన కణం ఏ స్థితిలో ఉందో ఎవరూ తెలుసుకోనక్కర్లేదు. ముడిపడిన (ఎంటాంగిల్డ్, అంటే విడివిడిగా వర్ణించలేనట్టు స్థితులు పెనవేసుకున్న) రెండు కణాల్లో ఒకటి పంపేవారి దగ్గర, ఒకటి అందుకునేవారి దగ్గర ముందే ఉండాలి. పంపేవారు తమ దగ్గరున్న రెండు కణాలనూ కలిపి ఒక్కటే అడుగుతారు: మీ ఇద్దరికీ సంబంధం ఏమిటి? విడివిడిగా మీరెవరు అని అడగరు. జవాబు నాలుగింట్లో ఒకటి, అంటే రెండు బిట్లు. అవి మామూలు ఫోన్లో చెప్పినా చాలు, అవతలివారు తమ కణాన్ని తగినట్టు తిప్పుకుంటే అది మొదటి కణం స్థితిలోకి వస్తుంది. మొదటిది ఆ స్థితిని పోగొట్టుకుంటుంది కాబట్టి నకలు పుట్టదు. ఆ రెండు బిట్లు చేరేదాకా అవతల పనికొచ్చేదేమీ ఉండదు కాబట్టి కాంతివేగాన్ని మించిన కబురూ లేదు.

దీన్ని బల్లమీద చేసి చూపింది ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌లో ఆంటోన్ జైలింగర్ జట్టు. డిక్ బౌమీస్టర్, జియాన్-వే పాన్ తదితరులు కలిసి రాసిన ఆ పత్రం 1997 డిసెంబరులో ‘నేచర్’లో వచ్చింది. అందులోని పొదుపు చూడండి. 200 ఫెమ్టోసెకన్ల అతినీలలోహిత లేజర్ మెరుపు బేరియం బోరేట్ స్ఫటికంలోంచి పోతూ ముడిపడిన ఫోటాన్ల జంటను, 2నీ 3నీ, పుట్టిస్తుంది. అదే మెరుపు అద్దానికి తగిలి తిరిగి వస్తూ, అదే స్ఫటికంలో ఇంకో జంటను, 1నీ 4నీ, పుట్టిస్తుంది. పంపాల్సింది 1. దానికి కావలసిన ధ్రువణాన్ని దారిలో ఇస్తారు. 4 డిటెక్టర్‌లో పడితే 1 బయల్దేరిందని అర్థం.

1, 2 కాంతిని రెండు దారుల్లోకి చీల్చే ఒక బీమ్ స్ప్లిటర్ దగ్గర కలుస్తాయి. ఒకదాన్నుంచి ఒకటి గుర్తుపట్టలేని ఫోటాన్లకు ఢాకాలో సత్యేంద్రనాథ్ బోస్ 1924లో కనిపెట్టిన లెక్క ఇక్కడ పనిచేస్తుంది. నాలుగు సంబంధాల్లో మూడింటిలో రెండు ఫోటాన్లూ జతగా ఒకే వైపుకు పోతాయి. ఒక్క దాంట్లో మాత్రమే చెరో వైపుకు చీలతాయి. రెండు వైపులా డిటెక్టర్లు ఒకేసారి పలికితే ఆ ఒక్క సంబంధమే ఖాయం. అప్పుడు 3ని తిప్పే పని కూడా లేదు, అది అప్పటికే 1 స్థితిలో ఉంటుంది.

అసలు నేర్పు ఇంకా చెప్పలేదు. ఏ డిటెక్టర్‌లో పడింది ఏ ఫోటానో తెలిసే వీలు ఏమాత్రం మిగిలినా ఈ ఆట సాగదు. కొద్ది ముందువెనకలుగా వచ్చినా ఆ తేడాయే గుట్టు బయటపెడుతుంది. 200 ఫెమ్టోసెకన్లలో కాంతి పోయే దూరం తలవెంట్రుక మందమంత. అంత సన్నని కాలాన్ని నేరుగా అదుపు చేయడం మానేసి, వాళ్లు ఫోటాన్ల ముందు 4 నానోమీటర్ల రంగుపట్టీని మాత్రమే వదిలే ఫిల్టర్లు పెట్టారు. రంగు పరిధి కుదిస్తే ఫోటాన్ కాలంలో సాగుతుంది, సుమారు 500 ఫెమ్టోసెకన్ల మేరకు. పుట్టిన క్షణం అందులో కలిసిపోతుంది. ఇంత శ్రమా ఒక సమాచారం ఎవరికీ దొరకకుండా చేయడానికే! ఈ ప్రయోగంలో నన్ను కట్టిపడేసేది ఇదే.

రుజువు కూడా అంతే శ్రద్ధతో చేశారు. 1 ధ్రువణాన్ని 45 డిగ్రీలకు పెట్టి, 3ని దాని ధ్రువణాన్ని బట్టి రెండు వైపులకు విడదీస్తూ, అద్దాన్ని కొద్దికొద్దిగా జరిపారు. 1, 2 కలవని చోట 3 ఎటు పడాలో దానికి నియమం లేదు, సగం ఇటు, సగం అటు. సరిగ్గా కలిసే చోటికి అద్దం రాగానే తప్పు వైపు లెక్క పడిపోయింది, సరైన వైపు లెక్క నిలబడింది. స్ఫటికానికి సహజమైన 0, 90 డిగ్రీలతో సరిపెట్టుకుని ఉంటే అనుమానం మిగిలేది. ఏటవాలు కోణాన్నీ, వర్తుల ధ్రువణాన్నీ కూడా పరీక్షించారు.

లోపాలూ ఉన్నాయి. నాలుగు జవాబుల్లో ఒక్కదాన్నే గుర్తించగలిగారు. పైగా తిరుగుదారిలో ఒక్కోసారి రెండు జంటలు పుడితే, 3 లేకుండానే డిటెక్టర్లు పలుకుతాయి. దీన్ని శామ్యూల్ బ్రాన్‌స్టీన్, జెఫ్ కింబుల్ 1998లో ఎత్తిచూపారు. ఆ విమర్శ న్యాయమైనదే. నాలుగు జవాబులనూ గుర్తించి, వాటిని బట్టి తిప్పుకోవడం 2004లో పరమాణువులతో సాధ్యమైంది. అమెరికాలోని బోల్డర్‌లో ఒక జట్టు బెరీలియం అయాన్లతో, ఇన్స్‌బ్రుక్‌లోనే రైనర్ బ్లాట్ జట్టు కాల్షియం అయాన్లతో చేసి చూపాయి. ఫోటాన్ల దారినే సాగిన పాన్, 2017లో టిబెట్‌లోని న్గారి నుంచి మిసియస్ ఉపగ్రహానికి, 1,400 కిలోమీటర్ల దాకా, ఫోటాన్ స్థితులను చేర్చిన చైనా జట్టుకు నాయకుడు.