ఒక్క దిబ్బ, మూడు ఊళ్లు

ఈ వారం పేపరు మధ్యలోంచి జారిపడిన ఓ కరపత్రం కోపం తెప్పించింది. 'పిల్లలకు విజ్ఞానయాత్ర' అని పేరు పెట్టి, మూడు రోజుల్లో తొమ్మిది చారిత్రక స్థలాలు చూపిస్తామన్నారు. వరంగల్ కోట, వేయిస్తంభాల గుడి, రామప్ప మూడూ ఒక్క పూటలో అయిపోతాయట. రామప్ప సంగతే చూడండి. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన ఆ గుడి గోడలు ఎర్రటి ఇసుకరాయి. స్తంభాలు, మదనికలు నల్లటి గట్టిరాయి. సన్నటి నగిషీ గట్టిరాతిలో నిలిచినంతగా ఇసుకరాతిలో నిలవదు. ఆ తేడా చేత్తో తాకకుండానే, కంటితో చూసే పదేళ్ల పిల్లకు తెలుస్తుంది. శిఖరానికి వాడినవి నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలు, పునాదిలో పోసింది ఇసుక. బరువు గురించి ఆ శిల్పులు ఎంత ఆలోచించారో ఆ పిల్ల తనంతట తాను ఊహించాలంటే గుడి చుట్టూ రెండోసారి తిరగాలి. బస్సు హారన్ కొడుతుంటే రెండోసారి తిరగడం కుదరదు.

యాత్రకు ఒక్క చోటు చాలునని ఈ శీర్షికలో చాలాసార్లే రాశాను. పిల్లల మనసులో కాలక్రమం పెద్దవాళ్లకున్నట్టు ఉండదు. శాతవాహనులు, కాకతీయులు, కుతుబ్‌షాహీలను వరుసగా మూడు రోజుల్లో చూపిస్తే మధ్యనున్న వందల ఏళ్లు మాయమై, అందరూ కలిసి 'పాతకాలం రాజులు' అయిపోతారు. అంత ఖర్చుపెట్టి వెళ్లి దారిలో ఉన్నవి వదిలేయమంటారా అని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. కానీ మన కోటలూ గుళ్లూ ఎక్కడికీ పోవు, వచ్చే ఏడాదీ సెలవులుంటాయి. పోయేది పిల్లల ఆసక్తి. అది ఒకసారి చచ్చిపోతే మళ్లీ పుట్టించడం కష్టం.

అయితే అమరావతి దగ్గరికి వచ్చేసరికి ఈ ఒక్క చోటు నియమం సరిపోదు. అక్కడి దీపాలదిన్నె ఒకప్పుడు అడుగున దాదాపు యాభై మీటర్ల వెడల్పున్న బౌద్ధ మహాస్తూపం. ఇవాళ వెళ్తే గడ్డి, ఇటుకల వరస, అక్కడక్కడ నిలబెట్టిన రాళ్లు కనిపిస్తాయి. పిల్లలు పావుగంటలో చూసేసి "ఇంతేనా నాన్నా?" అంటారు. ఆ ప్రశ్న నుంచే అసలు పాఠం మొదలవుతుంది. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు తన కొత్త రాజధానిని ఇక్కడ కట్టించుకుంటున్నప్పుడు ఈ దిబ్బ ఇటుకలకూ రాళ్లకూ గని అయింది. 1798లో వచ్చి చూసిన ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ 1816లో చిత్రకారులను వెంటబెట్టుకుని మళ్లీ వచ్చేసరికి దిబ్బ నడుమ చెరువు తవ్వి ఉంది. ఉన్నంతవరకు బొమ్మలు గీయించాడు. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించిన ఫలకాలు మద్రాసు చేరాయి. వాటిలో చాలా భాగం 1859లో ఓడెక్కి లండన్ వెళ్లిపోయింది. ఎటూ చేరని చాలా పలకలు సున్నంబట్టీల పాలయ్యాయి.

అందుకే అమరావతికి వెళ్లే కుటుంబం మరో సెలవుల్లో అమరావతి పలకలున్న చెన్నై ఎగ్మూరు మ్యూజియానికి కూడా వెళ్లాలంటాను. ఇది యాత్రకు ఒక్క చోటన్న మాటకు విరుద్ధమే. కానీ తొమ్మిది స్థలాల బస్సుకూ దీనికీ పోలిక లేదు. అక్కడ ఊరు మారినప్పుడల్లా కథ మారుతుంది, ఇక్కడ ఊళ్లు మారినా కథ ఒక్కటే. ఎగ్మూరులో ఒక గుండ్రటి ఫలకం మీద నాలాగిరి ఏనుగు రెండుసార్లు కనిపిస్తుంది. ఒకవైపు మదించి జనాన్ని తొక్కుకుంటూ వస్తుంది, మరోవైపు బుద్ధుడి ముందు మోకరిల్లుతుంది. ముందు జరిగిందీ తర్వాత జరిగిందీ ఒకే వలయంలో ఇమిడ్చిన ఆ తెలివిని బొమ్మల కథలు చదివే పిల్లలకు విడమర్చి చెప్పక్కర్లేదు. స్తూపం రూపాన్నే చెక్కిన పలకలు కూడా ఉన్నాయి. సింహాలు కాపలా కాసే ద్వారం, వేదిక మీద నిలిపిన అయిదేసి ఆయక స్తంభాలు, పైన అండం అనే గుమ్మటం. గడ్డి దిబ్బ మీద నిలబడి వచ్చిన పిల్ల ఆ పలకలో తాను చూడలేకపోయిన కట్టడాన్ని చూస్తుంది. కాబట్టి ఈ వరస ముఖ్యం: ముందు దిబ్బ, తర్వాత మ్యూజియం. ముందే బొమ్మలన్నీ చూసేస్తే దిబ్బ దగ్గర ఏ ప్రశ్నా పుట్టదు.

ఇంత చరిత్ర మాకే తెలియదు, పిల్లలకేం చెప్తామని తల్లిదండ్రులు వెనకాడతారు. ఇక్కడ తెలిసినట్టు మాట్లాడటమే ప్రమాదం. తప్పెవరిది అని పిల్లలు తప్పకుండా అడుగుతారు. రాళ్లు పీకించిన జమీందారుదా, ఓడెక్కించిన ఇంగ్లీషువాళ్లదా? ఓడెక్కకపోతే ఆ పలకల్లో ఎన్ని సున్నమయ్యేవి? దీనికి ఒక్క ముక్కలో జవాబు చెప్పేసి పిల్లల నోరు మూయించకూడదు. వాళ్లతో కలిసి వాదించాలి. పెద్దవాళ్లకు దర్శనం కావాలి, దిబ్బ చూడటానికి ఎవరొస్తారన్నది ఇంకో అభ్యంతరం. కృష్ణ ఒడ్డున అమరేశ్వరుడు ఉన్నాడు, పంచారామాల్లో ఒకటి. తాతయ్య, నాయనమ్మ అక్కడ కూర్చుంటారు. స్తూపం, పక్కనున్న పురావస్తు మ్యూజియం అదే ఊళ్లో ఉన్నాయి. అమరావతి, ఎగ్మూరు మ్యూజియాలకు రెండింటికీ శుక్రవారం సెలవు, అది మాత్రం చూసుకుని బయల్దేరాలి.

లండన్లో ఉన్న మన కుటుంబాలకు ఈ వరస తిరగబడుతుంది. బ్రిటిష్ మ్యూజియంలో అమరావతి పలకలకు ప్రత్యేకంగా ఒక గది ఉంది, ప్రవేశం ఉచితం. వాళ్ల పిల్లలు పలకలు ముందు చూస్తారు, దిబ్బ తర్వాత. "ఇవి ఇక్కడెందుకున్నాయి?" అన్నది వాళ్ల ప్రశ్న అవుతుంది. ఆ ప్రశ్నతోనే వేసవి సెలవులకు గుంటూరులో అమ్మమ్మగారింటికి వస్తే, అమరావతి ముప్పై అయిదు కిలోమీటర్ల లోపే. షాపింగుకు అనుకున్న రోజుల్లో ఒకటి దానికి కేటాయించవచ్చు.