జ్ఞానియు వ్యసనమును

బారువలో మహేంద్రతనయ సముద్రమున గలియు చోటికి సమీపమున మాకు బరిచయమైన యొక యిల్లు గలదు. ఆ యింటి వృద్ధురాలు ప్రాతఃకాలమున దులసికోటకు నీరు పోసి, గోడమీది షిర్డీ సాయిబాబా పటమునకు బువ్వు పెట్టి, అరుగుమీద గూర్చుండి చుట్ట ముట్టించును. నిప్పుకొనను నోటిలోనికి ద్రిప్పి త్రాగు అడ్డచుట్ట యది. ఈ వయస్సున నింకను ఇదియేల యని మేమొకనా డడుగగా, ఆమె పటమువైపు చేయి చూపి, "ఆ సామి చిలుం తాగినాడు కదా బాబూ, ఆయనకి లేని తప్పు నాకేటి?" అనెను.

ఇది నవ్వి యూరకుండదగిన మాట కాదు. సాయిబాబా మట్టిచిలుము ద్రాగుటను, దానిని చుట్టునున్న వారికి అందిచ్చుటను ఆయన చరిత్రము వ్రాసిన భక్తులే దాచలేదు. ఆయన 1918లో దేహము చాలించెను. నేడు తెలుగునాట ఆయన పటము లేని వీథి యరుదు. కావున వ్యసనము గల గురువు నిజముగా జ్ఞాని కాగలడా యను ప్రశ్న మఠములలోని వాదము మాత్రమే గాదు. అది మన యరుగులమీది ప్రశ్న. నాటి శ్రీకాకుళము జిల్లా పల్లెలలో 10,169 మందిని బరీక్షించి పిండ్‌బోర్గు మొదలగు పరిశోధకులు 1971లో నొక వ్యాసము ప్రకటించిరి. ఆ జనులలో నూటికి 40 మందికి మించి అడ్డపొగ ద్రాగువారని అందు దేలినది. ఈ యలవాటు స్త్రీలలోనే మెండు. నిప్పువేడిమియు పొగయు నేరుగా నంగిటికి దగులుటచే అంగిలి చెడి, కొందఱికి క్యాన్సరుగా బరిణమించుచున్నది.

మన పెద్దలు సప్తవ్యసనములు చెప్పిరి. పానము, జూదము, వేట, స్త్రీలౌల్యము అందు జేరినవి. పొగాకు మాత్రము లేదు. అది పోర్చుగీసువారి యోడలలో వచ్చినది గనుక, నిషేధించుటకు ఋషులకు దీఱిక చిక్కలేదు. (దీనినే ప్రమాణముగా జెప్పి పొగ ద్రాగు సాధువులను మేమెఱుగుదుము.)

గురువులను సమర్థించువారు మొదట భాగవతమును దెత్తురు. రాసక్రీడను విన్న పరీక్షిత్తు, ధర్మరక్షణకై యవతరించినవా డిట్లు చేయనేల యని యడుగగా, అగ్ని సర్వమును దహించియు మలినపడనట్లు తేజస్వులకు దోష మంటదని శుకుడు బదులు చెప్పెను. భక్తు లింతవఱకు జదివి పుస్తకము మూయుదురు. శుకుడు మూయలేదు. ఈశ్వరుడు కానివాడు అట్టిదానిని మనస్సునందైన దలపరాదనియు, రుద్రుడు కాకయే విషము ద్రావినవాడు నశించుననియు ఆయన వెంటనే చెప్పియున్నాడు. మొదటి సగము తనకు వర్తించునని గురువు నమ్మినను, శిష్యునకు వర్తించునది రెండవ సగమే. ఆ రెండవ సగమును శిష్యునకు వినిపింపవలసినవాడు గురువు.

రెండవ సమాధాన మింతకంటె బలవత్తరము. అలవాటు దేహమునకు బట్టినది. జ్ఞానికి నాకలియు దగ్గును గలిగినట్లే ఇదియు బ్రారబ్ధ మని వారందురు. పొగాకులోని నికోటిను మెదడునే వశపఱచుకొనునని, విడువలేకపోవుట కేవలము మనోదౌర్బల్యము కాదని నేటి వైద్యులును జెప్పుచున్నారు. రామకృష్ణ పరమహంస హుక్కా త్రాగుచుండెను. వివేకానందుడును పొగ ద్రాగువాడే. బొంబాయిలో బీడీలకొట్టు నడపిన నిసర్గదత్త మహారాజు బీడీ కాల్చుచునే యద్వైతము బోధించి, 1981లో గొంతు క్యాన్సరుతో మరణించెను. పొగవలన వీరి వాక్యము లబద్ధములైన వనుటకు మాకు నోరు రాదు. లెక్కలు చెప్పు పంతులు కుంటివాడైనంత మాత్రమున లెక్క తప్పదు గదా.

అయితే ఆత్మజ్ఞానము లెక్కల వంటి విద్య కాదు. కోరికనుండి విడుదలయే దాని ఫల మని యా గురువులే చెప్పుదురు. దగ్గుమందు అమ్మువాడు తానే యెడతెగక దగ్గుచుండగా, కొనవచ్చినవాడు సందేహించుట తప్పు కాదు. వేమన పూర్వజీవితమున వేశ్యాలోలుడని జనశ్రుతి గలదు. అది యెవరికిని బాధకము గాలేదు, విడిచినది గనుక. విడువని దానిని గూర్చియే మా ప్రశ్న. అట్టి గురువునకు గొప్ప దర్శనము గలిగియుండవచ్చునని మే మంగీకరింతుము. సంపూర్ణమైన విడుదల గలిగినదనుటను మాత్ర మంగీకరింపము. దారిని జూచినవాడెల్ల ఊరు చేరినవాడు గాడు. ఈ భేదమును ఒప్పుకొన్నచో గురువునకు వచ్చు నష్టము స్వల్పమే. ఒప్పుకొనలేనివారు శిష్యులు.

వారి యొప్పుకొనలేమి యెంత దూరము పోవునో చోగ్యం త్రుంగ్పా కథ తెలుపును. టిబెట్టునుండి వెడలి 1970లో అమెరికా చేరి, 1974లో కొలరాడోలో నరోపా విద్యాలయమును స్థాపించిన యీ బౌద్ధాచార్యుడు ప్రతిభాశాలి యనుటలో సందేహము లేదు. సురాపానము గూడదనుట బౌద్ధగృహస్థునకు సైతము విధించిన యయిదవ శీలము. ఈయన శిష్యుల యెదుటనే విపరీతముగా ద్రావెను. శిష్యులలో బలువురు దానిని వెఱ్ఱిజ్ఞానమను పేర బోధలో నొక భాగముగా గ్రహించిరి. 1987లో ఏబదియేండ్లు నిండకయే ఆయన మరణించెను. రోగమునకు బోధ యని పేరు పెట్టిన పిమ్మట, వైద్యుని బిలువు డని యెవరు చెప్పగలరు?

ఈ సంగతిని గ్రహించుటకు మనము కొలరాడో పోనక్కఱలేదు. విజయనగరమే చాలును. గురజాడవారు 1909 నాటి కన్యాశుల్కమున నొక బైరాగిని సారాదుకాణములో గూర్చుండబెట్టిరి. చదువరులు బైరాగిని జూచి నవ్వి పుట త్రిప్పుదురు. విమర్శకులలో ననేకులును ఆ రంగమును వట్టి హాస్యముగా నెంచిరి. అది తొందరపాటని మా యభిప్రాయము. అక్కడ జూడవలసినది బైరాగిని గాదు, అతనిని గురువని కొలుచు తక్కినవారిని. త్రాగ వచ్చినవారికి త్రాగెడి గురువు గావలెను. అతడు త్రాగుచున్నంతసేపును వారి త్రాగుడు వేదాంతమే యగును. బైరాగి యక్కడ లేకున్న, మఱియొకని వెదకి తెచ్చుకొని యుందురు. గిరీశమువంటి సంస్కారోపన్యాసకునకు బోగమింటిని, బైరాగికి సారాదుకాణమును నిచ్చిన గురజాడవారు, సంస్కర్తలమైన మనలను మాత్ర మేల విడుతురు? సభలో మద్యనిషేధము పలికి యింటికి వచ్చి ముక్కుపొడుము పీల్చు మిత్రులు మాకును గలరు.

గురువునుండి మేము గోరునది యొక్క వాక్యము: ఇది నన్ను బట్టినది, నేను విడువలేకున్నాను, మీరు నేర్వకుడు. ఇట్లు చెప్పిన గురువు పాదములకు మ్రొక్కుటకు మా కభ్యంతరము లేదు.

ఈ మాటలనే తేలికచేసి యా వృద్ధురాలికి జెప్పితిమి. బాబా కరుణను దీసికొమ్మని, చిలుమును ఆయనకే విడువుమని యంటిమి. ఆమె చుట్టను నోటినుండి తీసి, ఆర్పి, చాలసేపు పటమును జూచెను.

"మరైతే మానీమని నాతో ఆయన ఒక్కపాలైనా చెప్పలేదేటి బాబూ?"

మాకు బదులు తోచలేదు. ఆమె యా చుట్టను మరల ముట్టింపలేదు, పాఱవేయనూ లేదు; చెంగున ముడివైచుకొని లోనికి బోయెను.